ఎటు తిరిగినా తూర్పే

మధ్యాహ్నం భోజనాలయ్యాయి. కొందరు పిల్లలు ఇంకా చేతులు కడుక్కుంటూనే ఉన్నారు. పంతులమ్మ మాత్రం అప్పుడే తన జట్టును ఓ చెట్టు నీడలో కూర్చోబెట్టి పాఠం మొదలుపెట్టేసింది.

పంతులమ్మ అంటే బడిలో పాఠాలు చెప్పే పంతులమ్మ కాదు. ఆరో తరగతి చదివే పిల్ల. ఎవరు ఏది అడిగినా, అసలు అడక్కపోయినా, వివరంగా చెప్పడం తనకు అలవాటు. అందుకని క్లాసులో అందరూ కలిసి ఆ పేరు తగిలించారు. మొదట్లో తనకు ఒళ్లు మండేది. పోనుపోను ఆ పేరు బాగానే ఉందనిపించింది.

"దిక్సూచి ముల్లుకి ఎర్ర కొస ఉంది చూడండి. అది ఎప్పుడూ ఉత్తరమే చూపిస్తుంది. మ్యాప్‌లో పైవైపు ఉత్తరం. ఆ రెండూ ఒకవైపే ఉండేలా మ్యాప్ తిప్పుకోవాలి. అప్పుడు మ్యాప్‌లో కుడివైపు ఏముందో, అడవిలోనూ మన కుడివైపు అదే ఉంటుంది. అదే తూర్పు. తెలిసిందా?"

ఆ జట్టులో తనుకాక ఇద్దరే. ఒకరు తన క్లాసు అమ్మాయి. ఆ పిల్ల ప్రతిదానికీ ఒక ప్రశ్న వేస్తుంది. అందుకే అందరూ డౌటు అని పిలుస్తారు.

"ముల్లు ఊగుతోంది కదా. ఆగేదాకా ఆగాలా?" అంది డౌటు.

"ఆగాలి."

"అది ఆగకపోతే?"

"ఆగుతుంది."

రెండోవాడు బుడ్డోడు. పంతులమ్మ సొంత తమ్ముడు. మూడో తరగతి. వాడు ఏమీ అడగలేదు. అక్కకి అన్నీ తెలుసని వాడి నమ్మకం. బల్లి గోడ మీదనుంచి ఎందుకు పడిపోదో, చంద్రుడు మన వెంటే ఎందుకు వస్తాడో, అన్నీ వాడికి అక్కే చెప్పింది. అందులో కొన్ని తప్పులు కూడా ఉన్నాయి. ఆ సంగతి వాడికింకా తెలీదు.

పొద్దున బస్సు దగ్గర అమ్మ వాడి చెయ్యి తెచ్చి పంతులమ్మ చేతిలో పెట్టింది. "వీడు నీతోపాటే ఉండాలి. నీతోపాటే రావాలి" అంది. "నేను చూసుకుంటాగా" అని పంతులమ్మ పెద్దదానిలా తలూపింది.

ఆ అడవి మరీ పెద్దదేం కాదు. ఒకపక్క తారు రోడ్డు, ఒకపక్క కంచె, ఇంకోపక్క గుట్టలు, దక్షిణం వైపు పొడవునా ఒక వాగు. అందుకే బడివాళ్లు పిల్లల్ని ఒక రోజు శిక్షణకని అక్కడికి తీసుకొచ్చారు. రోజూ ఆ అడవిలో తిరిగి కాపలా కాసే గార్డ్ మేడం పొద్దునంతా వాళ్లకి దిక్కులు గుర్తుపట్టడం నేర్పింది. దిక్సూచి, మ్యాప్, ఎండ, నీడ, నీళ్లు పారే వాలు, అన్నీ చూపించింది. ఇప్పుడు ఆట.

"అడవిలో మూడు ఎర్ర డబ్బాలు చెట్లకి కట్టి ఉన్నాయి" అంది గార్డ్ మేడం. "ఒక్కో డబ్బాలో ఒక్కో ముద్ర ఉంటుంది. మీ మణికట్టు మీద వేసుకోండి. మొదటి డబ్బా ఇక్కడికి ఉత్తరంగా ఉంది. రెండోది దానికి తూర్పున. మూడోది ఇంకా తూర్పున. మనం ఇప్పుడు వాగు మీది వంతెన పక్కనున్నాం. తిరిగి ఇక్కడికే రావాలి. దారి తెలియకపోతే ఏం చెయ్యాలి?"

"ఉన్నచోటే ఆగాలి" అంది పంతులమ్మ, మిగతావాళ్లు నోరు తెరిచేలోపే.

"ఆగి?"

"మూడుసార్లు విజిల్ ఊదాలి. మీరు ఒక పొడుగు విజిల్‌తో జవాబిస్తారు. అప్పుడిక కదలకూడదు."

"ఇంకో మాట. ఇనుమూ, అయస్కాంతమూ దిక్సూచి దగ్గరికి రానివ్వకండి. ముల్లు వాటివైపు లాగేస్తుంది."

పంతులమ్మ వెంటనే డౌటు చేతికున్న వాచీ తీయించి బ్యాగులో పెట్టించింది. బుడ్డోడి బెల్టుకి ఇనప బకిల్ ఉంది. అది కూడా తీయమంది. వాడు రెండు చేతులతో ప్యాంటు పట్టుకుని ఏడుపు ముఖం పెట్టాడు.

"పోనీలే. నువ్వు వెనక నడువు" అంది పంతులమ్మ.

అందరికంటే ముందు రాకెట్ జట్టు బయల్దేరింది. రాకెట్ ఏడో తరగతి అబ్బాయి. పరుగులో బడి మొత్తానికి మొదటివాడు. వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగి చెయ్యి ఊపాడు. పంతులమ్మకి ఆ ఊపు నచ్చలేదు.

మొదటి డబ్బా సులువుగా దొరికింది. పంతులమ్మ దిక్సూచిని అరచేతిలో పెట్టుకుని ఉత్తరానికి నడిచింది. చీలిపోయిన మానున్న ఓ చెట్టుకి ఎర్ర డబ్బా కట్టి ఉంది. అందులో గుడ్లగూబ బొమ్మ ముద్ర. ముగ్గురూ మణికట్టు మీద వేసుకున్నారు. బుడ్డోడు మురిసిపోయి డబ్బా కింద మూడు రాళ్లు ఒకదానిమీద ఒకటి పేర్చాడు.

"ఎందుకురా ఇది?"

"ఊరికే."

అక్కడే గాలి మొదలైంది. మ్యాప్ టపటపా కొట్టుకుంటోంది. ఒక చేత్తో మ్యాప్, ఒక చేత్తో దిక్సూచి పట్టుకోవడం పంతులమ్మ వల్ల కాలేదు. అప్పుడు తనకో ఉపాయం తట్టింది. బ్యాగులోంచి కొత్త పెన్సిల్ బాక్స్ తీసింది. నీలం రంగు ప్లాస్టిక్ బాక్స్. మూత దగ్గరికి తెస్తే చాలు, దానంతటదే టక్కుమని మూసుకుంటుంది. మ్యాప్‌ని దానిమీద పరిచి రబ్బరు బ్యాండ్ వేసింది. మ్యాప్ మీద దిక్సూచి పెట్టింది. ముల్లు ఒకసారి గిర్రున తిరిగి, సరిగ్గా మ్యాప్ పైవైపుకే చూపిస్తూ ఆగింది.

"చూశారా, ఎంత చక్కగా కుదిరిందో. తిప్పుకునే పని కూడా లేదు" అంది పంతులమ్మ.

కుడివైపు తూర్పు. ముగ్గురూ తూర్పుకి నడిచారు.

కాసేపటికి ముళ్లపొద అడ్డొచ్చింది. చుట్టూ తిరిగి అవతలికి వెళ్లారు. పంతులమ్మ మళ్లీ దిక్సూచి చూసింది. ముల్లు మ్యాప్ పైవైపుకే ఉంది. మళ్లీ కుడివైపు నడిచారు. ఇంకాస్త వెళ్లాక ఒక గండి వచ్చింది. అది దిగలేక పక్కకి తిరిగారు. మళ్లీ చూస్తే ముల్లు మ్యాప్ పైవైపుకే ఉంది.

"ఇవాళ మనకి తూర్పు భలే కలిసొస్తోంది" అంది పంతులమ్మ.

డౌటు కళ్లకి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "నాకో డౌటు. ఇప్పుడు మధ్యాహ్నం దాటింది కదా. సూర్యుడు పడమటికి దిగుతుంటాడు కదా. మనం తూర్పుకి వెళ్తుంటే ఎండ వీపు మీద పడాలి. నా కళ్లల్లో పడుతోందేంటి?"

పంతులమ్మ తల ఎత్తి చూసింది. నిజమే. ఎండ సూటిగా ముఖాన కొడుతోంది. దిక్సూచి చూసింది. అదేమో ఇదే తూర్పు అంటోంది. 

"అడవిలో అంతే. ఎండ ఆకుల్లోంచి వంకరగా పడుతుంది" అంది. ఆ మాట తనకి ఎక్కడినుంచి వచ్చిందో తనకే తెలీదు. కానీ గట్టిగా అనేసరికి నిజంలాగే వినిపించింది.

"అలా కూడా పడుతుందా?"

"సూర్యుడు కదులుతాడు. దిక్సూచి కదలదు. దేన్ని నమ్మాలి?"

ఈసారి పంతులమ్మ దిక్సూచితో ఒకసారి ఓ చెట్టు వైపు, ఒకసారి ఓ బండ వైపు తిరిగి చూసింది. చెట్టు వైపు తిరిగితే కుడిచేతి పక్క తూర్పు. బండ వైపు తిరిగినా కుడిచేతి పక్కే తూర్పు. ఎలా ఉంటుంది అలా? ఒక్క తూర్పు రెండు చోట్ల ఎలా ఉంటుంది? తల గోక్కుంది. ఇంకోసారి తిరగబోయి మానేసింది. డౌటు చూస్తోంది.

"పదండి పదండి. ఆలస్యమవుతోంది" అంది.

చాలాసేపు నడిచారు. గాలి ఒకసారి ముందునుంచి, ఒకసారి పక్కనుంచి కొడుతోంది. ఒకచోట నేల పైకి లేచింది, ఇంకోచోట కిందికి దిగింది. మ్యాప్‌లో అక్కడ ఏ గుట్టా లేదు. పంతులమ్మకి అంతా కలగాపులగంగా ఉంది. అప్పుడు బుడ్డోడు కేకేశాడు.

"అక్కా, డబ్బా."

ఎర్ర డబ్బా. పంతులమ్మకి ప్రాణం లేచొచ్చింది. పరుగెత్తుకెళ్లి తెరిచింది. ముద్ర తీసి మణికట్టు మీద గుద్దుకుంది.

గుడ్లగూబ.

మణికట్టు మీద రెండు గుడ్లగూబలు పక్కపక్కన కూర్చుని గుడ్లు మిటకరించి చూస్తున్నాయి.

"రెండో డబ్బాలో కూడా గుడ్లగూబేనా?" అంది డౌటు.

పంతులమ్మ చెట్టు వైపు చూసింది. మాను నిలువునా చీలి ఉంది. డబ్బా కింద మూడు రాళ్లున్నాయి, ఒకదానిమీద ఒకటి. బుడ్డోడు ఒకసారి రాళ్లకేసి, ఒకసారి అక్క ముఖంకేసి చూశాడు.

"అక్కా, ఇవి నేను పెట్టిన..."

"అందరూ పెడతారు రాళ్లు. నువ్వొక్కడివే పెడతావా?" అంది పంతులమ్మ. గొంతు తను అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది. "ఇది రెండో డబ్బా. అన్నింట్లోనూ గుడ్లగూబే పెట్టి ఉంటారు."

వాడు తల ఊపాడు. అక్క చెప్పిందంటే అంతే. డౌటు మాత్రం చీలిన మానును వేలితో ఒకసారి తడిమి చూసింది.

పంతులమ్మకి తెలుసు. అది మొదటి డబ్బానే. తూర్పుకి, తూర్పుకి, తూర్పుకి నడిచి బయల్దేరిన చోటికే వచ్చారు. ఎలా వచ్చారో మాత్రం ఎంత ఆలోచించినా అంతుపట్టలేదు. ఆ సంగతి చెబితే ఎందుకు అని అడుగుతారు. ఎందుకో తనకి తెలీదు. అందుకే చెప్పలేదు. మెడలో వేలాడుతున్న విజిల్‌ని చొక్కా లోపలికి తోసేసి, "మూడోది ఇంకా తూర్పున" అంటూ ముందుకు నడిచింది.

అప్పుడు ఒప్పుకుని ఉంటే పెద్ద ఇబ్బంది ఉండేది కాదు. తామెక్కడున్నారో వాళ్లకి కచ్చితంగా తెలిసిన ఆఖరి చోటు అది. దాన్ని వదిలిపెట్టి వెళ్లిపోయారు.

ఇప్పుడు ముందు నడుస్తున్న పంతులమ్మ కళ్లల్లోనే ఎండ పడుతోంది. డౌటు ఏమీ అడగడం లేదు. ఆ పిల్ల ప్రశ్నలు వేస్తుంటే విసుగ్గా ఉండేది. వెయ్యకపోతే భయంగా ఉంది. చెట్లు దగ్గర దగ్గరగా వస్తున్నాయి. ఇందాకటిదాకా దూరంగా వినిపించిన పిల్లల అరుపులు ఇప్పుడు లేవు. పంతులమ్మ ఆగుతోంది, దిక్సూచి చూస్తోంది, నడుస్తోంది. అటు తిరిగితే అదే తూర్పంటోంది. ఇటు తిరిగితే ఇదీ తూర్పేనంటోంది. ప్రపంచంలో మిగతా దిక్కులన్నీ ఎటో వెళ్లిపోయి ఒక్క తూర్పే మిగిలినట్టుంది.

వెనక్కి చూస్తే బుడ్డోడు చాలా దూరంలో ఉన్నాడు. ఒక కాలు ఈడుస్తున్నాడు.

"ఏంట్రా ఆ నడక? త్వరగా రా."

వాడు వచ్చాడు. వచ్చి ఒక రాయి మీద కూలబడ్డాడు. "ఇంకెంత దూరం అక్కా?"

'ఇదిగో, వచ్చేశాం' అనబోయింది పంతులమ్మ. నోటిదాకా వచ్చింది కూడా. కానీ వాడి బూటు వైపు చూపు పడింది. మడమ దగ్గర తెల్ల సాక్సు ఎర్రగా తడిసి ఉంది. కొత్త బూట్లు కరిచేశాయి.

"ఎప్పటినుంచి రా ఇది?"

"రాళ్ల దగ్గర్నుంచి."

"మరి చెప్పవేం?"

"నువ్వు ఆగలేదుగా. నీకు దారి తెలుసుగా. ఇంకాసేపట్లో వచ్చేస్తుందనుకున్నా."

పంతులమ్మ వాడి పక్కనే నేల మీద కూర్చుంది. మ్యాప్ ఒళ్లో పెట్టుకుంది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"నాకు దారి తెలీదు రా" అంది. "ఎప్పటినుంచో తెలీదు."

బుడ్డోడు పాదం పట్టుకుని అక్క వైపు తిరిగాడు.

"అది రెండో డబ్బా కాదు. మొదటిదే. ఆ రాళ్లు నువ్వు పెట్టినవే. నాకప్పుడే తెలిసింది. నేను అబద్ధం చెప్పాను. మనం ఎక్కడున్నామో నాకు తెలీదు. ఈ దిక్సూచి ఎందుకిలా చేస్తోందో కూడా తెలీదు."

డౌటు గట్టిగా ఊపిరి వదిలింది. "హమ్మయ్య" అంది.

"హమ్మయ్యేంటి?"

"నాకొక్కదానికే ఏమీ అర్థం కావడం లేదనుకున్నా. ఆ చెట్టు అదేనని నాకనిపించింది. ఎండ కూడా తప్పుగా ఉందనిపించింది. కానీ నువ్వు అంత గట్టిగా చెబుతుంటే నాకే కళ్లు సరిగ్గా కనిపించడం లేదేమో అనుకున్నా."

ఆ మాట పంతులమ్మకి ఎక్కడో తగిలింది. తనని తిట్టినా అంత బాధ అయ్యేది కాదు. చొక్కాలోంచి విజిల్ తీసింది. మూడుసార్లు ఊదింది. అడవంతా చెవులు రిక్కించినట్టు నిశ్శబ్దంగా ఉండిపోయింది. మళ్లీ మూడుసార్లు ఊదింది. ఈసారి చాలా దూరం నుంచి, వాళ్ల వీపు వెనకనుంచి, ఒక పొడుగు విజిల్ వినిపించింది.

"కదలకూడదు. మేడం వస్తుంది" అంది పంతులమ్మ. ఆ విజిల్ వీపు వెనకనుంచి ఎందుకొచ్చిందో మళ్లీ అర్థం కాలేదు. కానీ ఈసారి అర్థం కాలేదనే చెప్పింది. "నాకైతే వంతెన ఎదురుగా ఎక్కడో ఉందనిపించింది. మీకు?"

"నాకు అసలేమీ అనిపించలేదు" అంది డౌటు.

రుమాలు నీళ్లతో తడిపి బుడ్డోడి మడమ తుడిచి కట్టారు. వాడు ఊరుకోలేక ఒక పుల్ల తీసుకుని, చెట్ల మధ్య ఎండ పడుతున్న చోట నేలలో నాటాడు. పొద్దున గార్డ్ మేడం అలాగే చేసి చూపించింది. పుల్ల నీడ కొస ఎక్కడుందో అక్కడ ఒక రాయి పెట్టాడు. ఎదురుచూశాడు. ఎదురుచూస్తూ ఒక చీమల బారుకి అడ్డంగా వేలు పెట్టి ఆడుకున్నాడు. కొంతసేపటికి నీడ కొంచెం జరిగింది. కొస దగ్గర రెండో రాయి పెట్టాడు.

"మొదటి రాయి పడమర, రెండో రాయి తూర్పు" అన్నాడు. "అక్కా, తూర్పు అటు."

వాడి వేలు వాళ్లు నడిచొచ్చిన వైపుకి చూపిస్తోంది. పంతులమ్మ ఒళ్లో ఉన్న దిక్సూచి సరిగ్గా ఎదురు వైపు చూపిస్తోంది. 'నువ్వు తప్పు పెట్టావురా' అనడానికి నాలుక లేచింది. పంతులమ్మ దాన్ని ఆపుకుంది.

"నీకు అటెందుకొచ్చింది, నాకు ఇటెందుకొచ్చింది?" అంది.

"విజిల్ కూడా అటునుంచే వచ్చింది" అంది డౌటు. "ఏదీ, దిక్సూచి ఒకసారి ఇవ్వు."

పంతులమ్మ మ్యాప్ మీదనుంచి దిక్సూచి తీసి చేతికిచ్చింది. డౌటు అరచేతిలోకి రాగానే ముల్లు గిర్రున తిరిగి ఎర్ర కొస ఇంకోవైపుకి పోయింది. ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. డౌటు దాన్ని తిరిగి మ్యాప్ మీద పెట్టింది. ముల్లు మళ్లీ గిర్రున వెనక్కొచ్చింది. తీసింది. పెట్టింది. తీసింది.

"నాకో డౌటు" అంది. "ముల్లుకి మ్యాప్ అంటే భయమా?"

"కాగితానికి ఎందుకు భయం?" అంటూ పంతులమ్మ ఆగిపోయింది. మ్యాప్ కింద ఏముందో అప్పుడు గుర్తొచ్చింది. రబ్బరు బ్యాండ్ తీసేసి పెన్సిల్ బాక్స్ మూత తెరిచింది. వదిలింది. అది టక్కుమని మూసుకుంది.

"అయస్కాంతం" అంది మెల్లగా. "మూతలో అయస్కాంతం ఉంది. పైకి ప్లాస్టిక్ కదా, నాకు తట్టనే లేదు. బాక్స్ ఎటు తిరిగితే ముల్లూ అటే తిరిగింది. అందుకే మనం ఎటు తిరిగినా తూర్పే అయింది."

"నా వాచీ తీయించావు" అంది డౌటు.

"తీయించాను."

"వాడి బెల్టు కూడా తీయమన్నావు."

బుడ్డోడు గబుక్కున ప్యాంటు పట్టుకున్నాడు. ముందు నవ్వింది పంతులమ్మే. ముక్కు చీదుకుంటూ నవ్వింది. తర్వాత ముగ్గురూ నవ్వారు.

గార్డ్ మేడం పొదలు తప్పించుకుంటూ వచ్చేసరికి పెన్సిల్ బాక్స్ దూరంగా బ్యాగు అడుగున ఉంది. దిక్సూచి అరచేతిలో ఉంది. ఆమె ముందు బుడ్డోడి మడమ చూసి, తన సంచిలోంచి ప్లాస్టర్ తీసి అంటించింది. తర్వాత పంతులమ్మ వైపు తిరిగింది.

"ఏమైందమ్మా?"

పంతులమ్మ మొదటినుంచీ చెప్పింది. గాలి, పెన్సిల్ బాక్స్, కళ్లల్లో పడిన ఎండ, రెండో గుడ్లగూబ, తను చెప్పిన అబద్ధం. చెబుతూ మధ్యలో రెండుసార్లు నీళ్లు నమిలింది. కానీ ఏదీ వదిలిపెట్టలేదు. గార్డ్ మేడం పూర్తిగా విన్నది.

"సరే. ఇప్పుడు ఎటు వెళ్దాం? మీరు నడవండి, నేను వెనకొస్తాను" అంది.

ఇందాకటి పంతులమ్మ అయితే టక్కున ఏదో ఒక దిక్కు చూపించేసేది. ఇప్పుడు మ్యాప్ నేల మీద పరిచింది. డౌటూ బుడ్డోడూ చెరోపక్కన వంగారు.

"మనం ఎక్కడున్నామో కచ్చితంగా తెలీదు మేడం" అంది. "కానీ వాగు దక్షిణం వైపు పొడవునా ఉంది. ఎక్కడినుంచైనా దక్షిణానికి నడిస్తే వాగు తగులుతుంది. తగిలాక ఎటు తిరగాలో తెలీడం లేదు."

"ఎండ ఎక్కువసేపు మన కళ్లల్లోనే పడింది" అంది డౌటు. "అంటే మనం పడమటికి నడిచినట్టు కదా? వంతెన తూర్పున మిగిలిపోయినట్టు కదా?"

"అయితే వాగు దగ్గర ఎడమకి" అంది పంతులమ్మ. అని, గబుక్కున ఆగింది. "నేను సరిగ్గా చెప్పానా? దక్షిణానికి తిరిగితే తూర్పు ఎడమే కదా?"

బుడ్డోడు లేచి, వాడి రెండు రాళ్లనీ చూసుకుంటూ దక్షిణానికి తిరిగి నిలబడ్డాడు. ఎడమ చెయ్యి చాపాడు. చెయ్యి రెండో రాయి వైపుకే ఉంది.

"ఎడమే" అన్నాడు.

గార్డ్ మేడం సంచి భుజానికి తగిలించుకుంది. ముగ్గురూ మెల్లగా నడిచారు. బుడ్డోడికి నొప్పి పుట్టినప్పుడల్లా చెప్పాడు, చెప్పినప్పుడల్లా ఆగారు. కొంతసేపటికి నీళ్ల చప్పుడు వినిపించింది. వాగు తగిలింది. ఎడమకి తిరిగి, నీళ్లు పారుతున్న వైపే నడిచారు. ఇక రాదేమోనని పంతులమ్మ బెంగపడుతున్నప్పుడు వంతెన కమ్మీలు కనిపించాయి.

అందరూ ఎప్పుడో వచ్చేసి గుండ్రంగా కూర్చున్నారు. బస్సు దగ్గర రెండు కర్రల మధ్య అడవి మ్యాప్‌నే పెద్దగా గీసిన గుడ్డ కట్టి ఉంది. ఒక్కో జట్టు నాయకుడూ వెళ్లి, తమ జట్టు ఏ దారిన నడిచిందో స్కెచ్ పెన్నుతో దానిమీద గీయాలి. అప్పటికే అందరూ గీసేశారు. అన్నీ తిన్నని గీతలే. వంతెన నుంచి మొదటి డబ్బా, అక్కడినుంచి రెండోది, మూడోది, మళ్లీ వంతెన. రాకెట్ గీసిన ఆకుపచ్చ గీత స్కేలు పెట్టి గీసినంత తిన్నగా ఉంది.

"ఇక మీరే మిగిలారు" అంది గార్డ్ మేడం. వాళ్లకేం జరిగిందో ఎవరికీ చెప్పలేదు. ఎరుపు పెన్ను పంతులమ్మ చేతిలో పెట్టి పక్కకి తప్పుకుంది.

పంతులమ్మ మ్యాప్ ముందు నిలబడింది. బడిలో సగం మంది తననే చూస్తున్నారు. తిన్నగా ఒక గీత గీసి వచ్చేస్తే ఎవరికీ తెలీదు. డౌటు చెప్పదు. బుడ్డోడు అసలే చెప్పడు.

వంతెన నుంచి మొదటి డబ్బాదాకా తిన్నగా గీసింది. అక్కడినుంచి గీతని మెలికలు తిప్పింది. ముళ్లపొద దగ్గర ఒక మెలిక, గండి దగ్గర ఒక మెలిక. గీతని చుట్టూ తిప్పి మళ్లీ మొదటి డబ్బా దగ్గరికే తెచ్చింది. ఎవరో కిసుక్కున నవ్వారు.

"ఇక్కడ మేము రెండోసారి గుడ్లగూబ ముద్ర వేసుకున్నాం" అంది పంతులమ్మ. "ఇది రెండో డబ్బా అని మా వాళ్లకి నేను చెప్పాను. కాదని నాకు తెలుసు." పెన్నుని అడవి లోపలికి, పడమటి వైపుకి లాగింది. గీత చివర ఒక పెద్ద ప్రశ్న గుర్తు వేసింది. "ఇక్కడ ఎక్కడున్నామో మాకు తెలీలేదు. ఇక్కడే విజిల్ ఊదాం. రెండో డబ్బా, మూడో డబ్బా మాకు దొరకలేదు."

"ఆ గండి దగ్గర ఇంకో మెలిక తిరిగాం" అని కూర్చున్న చోటినుంచి డౌటు గుర్తుచేసింది.

"అవును, మర్చిపోయా." పంతులమ్మ ఆ మెలిక కూడా గీసింది.

నవ్వులు పెద్దవయ్యాయి. మ్యాప్ మీద తన గీత ఒక్కటే చిక్కుపడిన దారంలా ఉంది. పంతులమ్మ ముఖం వేడెక్కిపోయింది. అయినా అక్కడే నిలబడింది. బుడ్డోడు కుంటుకుంటూ వచ్చి అక్క పక్కన నిలబడ్డాడు. చెయ్యి పట్టుకున్నాడు.

నవ్వులు సద్దుమణిగాయి. అప్పుడు వెనక వరసలోంచి రాకెట్ లేచాడు. మెడ వెనక గోక్కుంటూ మెల్లగా ముందుకొచ్చాడు. మ్యాప్ మీది తన ఆకుపచ్చ గీతను కాసేపు చూశాడు. తర్వాత పంతులమ్మ వైపు చెయ్యి చాపాడు.

"ఆ పెన్ను ఒకసారి ఇస్తావా?" అన్నాడు. "మేము కూడా ఈ గుట్ట దగ్గర..."

పంతులమ్మ పెన్ను ఇచ్చి, అతను గీసుకోవడానికి చోటిచ్చి పక్కకి జరిగింది.